పచ్చదీపానికి ఏం తెలుసు?

2024 అక్టోబరు 11, శుక్రవారం. రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో మైసూరు–దర్భంగా బాగ్‌మతీ ఎక్స్‌ప్రెస్ పొన్నేరి దాటి కవరైపేట్టై చేరుకుంది. అక్కడ ఆ బండి ఆగదు. మెయిన్ లైనుకు పచ్చదీపం ఇచ్చి ఉంది. పచ్చదీపం చూసిన డ్రైవరు వేగం తగ్గించడు, తగ్గించనక్కర్లేదు కూడా. పెద్ద కుదుపు ఒకటి వచ్చింది. బండి మెయిన్ లైను వదిలి లూప్ లైనులోకి తిరిగి, అక్కడ నిలిచి ఉన్న గూడ్సును గుద్దింది. డజను పైగా పెట్టెలు పట్టాలు తప్పాయి, పార్సిల్ వ్యానుకు నిప్పంటుకుంది, పందొమ్మిది మంది దాకా గాయపడ్డారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు.

మర్నాటి నుంచే పాత పాట మొదలైంది. టీవీ చర్చల్లోనూ, చెన్నై నుంచి హైదరాబాదు దాకా మన సాఫ్ట్‌వేర్ మిత్రుల వాట్సాప్ గుంపుల్లోనూ ఒకటే తీర్పు: ఇది సమాచార లోపం. బండి దారి మార్చే ప్రతి పాయింటుకూ సెన్సార్లు పెట్టండి, ప్రతి ఇంజనుకూ బండ్లు గుద్దుకోకుండా ఆపే కవచ్ తగిలించండి, మధ్యలో వేగమైన రేడియో లింకు వేయండి. అన్నీ అన్నిటితో మాట్లాడుకుంటే అందరికీ అన్నీ తెలుస్తాయి, ఇక గుద్దుకోవడమనే మాటే ఉండదు. ఈ అభిప్రాయానికి ఒక తోబుట్టువు ఉంది. పంపిణీ వ్యవస్థల్లో ఏ యంత్రానికి ఏం తెలుసో తర్కంగా రాసేవాళ్లు, దాన్ని త్రిభుజాలుగా గీసి టోపాలజీ చెప్పేవాళ్లు ఉన్నారు కదా, వాళ్లది కాన్ఫరెన్సు పేపర్ల సరుకట. కోడు రాసేవాడికీ, తీగలు కలిపేవాడికీ దాంతో పని లేదట. పరీక్షించు, నడుపు, చెడితే బాగుచెయ్యి; ఇంజనీరింగ్ అంటే ఇంతేనట.

నాకు ఈ రెండూ తప్పనిపిస్తాయి. రెండోది తప్పు కాబట్టే మొదటిది ఇంతకాలం బతుకుతోంది.

కవరైపేట్టై మీదుగా రోజూ నడిచే కోరమండల్ ఎక్స్‌ప్రెస్ సంగతి చూడండి. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజార్ దగ్గర అది కూడా ఇలాగే మెయిన్ లైను పచ్చదీపం చూసి లూప్ లైనులోకి పోయి గూడ్సును గుద్దింది. 290 మందికి పైగా చనిపోయారు. రైల్వే భద్రతా కమిషనర్ నివేదిక కారణాన్ని దాచలేదు. స్టేషను ఉత్తరపు గుమ్టీలో, అంటే సిగ్నల్ తీగల గదిలో, అంతకు చాలా ముందే జరిగిన సర్క్యూట్ మార్పులో లోపముంది. తీగల మీది చీటీలు తప్పుగా ఉండి ఏళ్ల తరబడి ఎవరి కంటా పడలేదు. ఆ రోజు లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర ఎలక్ట్రిక్ బ్యారియర్ మార్చే పనిలో తీగలు కలిపేసరికి ఆ పాత లోపం ప్రాణం పోసుకుంది. పాయింటు లూపు వైపు ఉంటే, పాయింట్లనూ సిగ్నళ్లనూ ముడివేసే ఇంటర్‌లాకింగ్‌కు మాత్రం మెయిన్ లైను వైపు ఉన్నట్టు కబురందింది. దానికి నాలుగు నెలల ముందే, ఫిబ్రవరి 8న, కర్ణాటకలోని హొసదుర్గ రోడ్ స్టేషన్లో సంపర్క్ క్రాంతి ఎక్స్‌ప్రెస్‌కు దాదాపు ఇదే జరగబోయి తప్పింది. దాని మీద నైరుతి రైల్వే ఉన్నతాధికారి ఒకరు హెచ్చరిక లేఖ కూడా రాశారు.

ఇందులో సమాచార లోపం ఎక్కడుంది? బహనగాలో కబురు ఆలస్యం కాలేదు, దారిలో పోలేదు. కరెంటు వేగంతో, చక్కటి రూపంలో చేరాల్సిన చోటికే చేరింది. చేరింది అబద్ధం, అంతే. లింకు పది రెట్లు వేగంగా ఉండి ఉంటే ఆ అబద్ధం పది రెట్లు ముందు చేరేది.

ఇక్కడే జ్ఞాన తర్కం పనికొస్తుంది. ఫిన్లండ్ తాత్వికుడు హింటిక్కా 1962లో ఒక పుస్తకంలో పెట్టిన పునాదిని 1984లో జోసెఫ్ హాల్పెర్న్, యోరామ్ మోజెస్ కంప్యూటర్ వ్యవస్థలకు అన్వయించారు. ఆ పనికి 1997లో గోడెల్ బహుమతి వచ్చింది. సూత్రం ఇది: ఒక యంత్రం ముందు ఇప్పుడున్న ఆనవాళ్లన్నీ అచ్చం ఇలాగే ఉండగల పరిస్థితులన్నిటినీ ఊహించండి. ఆ అన్నిటిలోనూ ఒక సంగతి నిజమైతేనే అది ఆ యంత్రానికి తెలుసు. ఒక్కదాంట్లో అబద్ధమైనా తెలియదు. యంత్రం బుర్రలో ఏముంది, దానికి బుద్ధి ఉందా లేదా అన్న గొడవ ఇందులో లేదు. దాని చోటు నుంచి చూస్తే ఏవేవి వేరుగా కనిపించవో లెక్క తీయడమే.

ఈ గీటురాయి మీద రుద్దితే ‘పాయింటు మెయిన్ లైనుకు ఉంది’ అన్న సంగతి బహనగా స్టేషనులో పాయింట్ల స్థితి చూపే పానెల్‌కు తెలియదు. తీగ తప్పుగా కలిసిన క్షణం నుంచీ, పాయింటు ఎటున్నా పానెల్‌కు ఒకే రకంగా కనపడగల పరిస్థితి వచ్చేసింది. ఆ క్షణానికీ ప్రమాదానికీ మధ్య పాయింటు సరిగ్గా ఉన్నప్పుడు బండ్లు వెళ్లి ఉంటే, అవి పానెల్ తెలివి వల్ల వెళ్లినవి కావు. ‘పరీక్షించాం, పనిచేసింది’ అనేవాళ్లు కాస్త ఆగాల్సింది ఈ చోటనే. పరీక్ష చూసేది ఫలితం సరిగ్గా వచ్చిందా అని. వచ్చిన ఫలితం తెలిసి వచ్చిందో అదృష్టం కొద్దీ వచ్చిందో అది చెప్పదు. పరిస్థితులన్నిటినీ వరసగా నిలబెట్టి, ఈ యంత్రం వీటిలో వేటిని వేరుచేయలేదని అడిగితేనే అది బయటపడుతుంది.

విజయనగరం జిల్లాలో జరిగింది దీనికి తిరగేసిన కథ. 2023 అక్టోబరు 29 సాయంత్రం అలమండ–కంటకాపల్లి మధ్య విశాఖ–పలాస ప్యాసింజరును వెనకనుంచి విశాఖ–రాయగడ ప్యాసింజరు గుద్దింది. పద్నాలుగు మంది పోయారు. అక్కడ ఆటో సిగ్నళ్లు చెడి ఉన్నాయి. ఆటో సిగ్నల్ ఎర్రగా ఉంటే డ్రైవరుకు రెండు ప్రపంచాలు ఒకేలా కనపడతాయి. ముందు బండి ఉండి ఎర్రగా ఉండవచ్చు, దీపం చెడి ఎర్రగా ఉండవచ్చు. ఆ రెండిటినీ అతను వేరుచేయలేడని నియమం రాసినవాళ్లకు తెలుసు. అందుకే ఆగు, రెండు నిమిషాలు వేచి ఉండు, ఆ తర్వాత గంటకు 10 కిలోమీటర్లు మించకుండా పాకు అన్నారు. దీపం చెడిందనుకుని సాగిపో అనలేదు, బండి ఉందనుకుని తెల్లారేదాకా కూర్చో అనీ అనలేదు. ఏ ప్రపంచంలో ఉన్నా ముప్పు రాని పని ఒకటి ఎంచి చేతిలో పెట్టారు. ఇది జ్ఞాన తర్కమే. దాన్ని రైల్వే రూలుపుస్తకం భాషలో రాశారు కాబట్టి ఎవరూ దాన్ని పేపర్ల సరుకు అనరు! ఆ నియమం పాటించలేదనే ప్రాథమిక విచారణ చెప్పింది.

‘సరే, ఒక కబురు నమ్మకపోతే జవాబు తెప్పించుకుందాం, ఆ జవాబుకు ఇంకో జవాబు పంపిద్దాం’ అనేది మన మిత్రుల తర్వాతి ఎత్తు. దీన్ని 1975లోనే అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్ అనే ముగ్గురు రెండు దొంగల ముఠాల కథగా చెప్పి కాదన్నారు. మూడేళ్ల తర్వాత జిమ్ గ్రే చేతిలో ముఠాలు కాస్తా ఇద్దరు సేనాపతులయ్యాయి. ఇద్దరూ ఒకే సమయానికి దాడి చేయాలి, కబుర్లు మోసేవాడు దారిలో చిక్కిపోవచ్చు. ఎన్ని జవాబులు నడిచినా ఇద్దరికీ కలిపి ధీమా కుదరదు.

ఎందుకు కుదరదో చూపడానికి టోపాలజీని మించింది లేదు, అందుకే ఇక్కడ కాస్త నిలబడతాను. పొన్నేరి, కవరైపేట్టై స్టేషన్ల మధ్య ఒక చెడిపోయే ఫోను ఉందనుకోండి. ఇద్దరు స్టేషను మాస్టర్లూ ఏదో ఒక పని ఇద్దరూ చేయాలి, లేదా ఇద్దరూ మానాలి. ఒకరు చేసి ఒకరు మానడం కూడదు. ఒక్కొక్కరి చేతిలో ఉన్న సమాచారాన్ని ఒక చుక్కగా పెట్టండి. ఒకే ప్రపంచంలో ఇద్దరికీ కలిసి ఉండగల రెండు చుక్కల్ని గీతతో కలపండి. గీత అంటే ఒక ప్రపంచం. ఒక్క కబురూ చేరని ప్రపంచం ఒక గీత. మొదటి కబురు చేరి దాని జవాబు చేరనిది పక్క గీత. ఈ రెండిటికీ ఒక చుక్క ఉమ్మడి, ఎందుకంటే కబురు పంపినవాడికి అది చేరిందో లేదో తెలియదు, రెండు ప్రపంచాల్లోనూ అతని చుక్క అదే. జవాబు చేరితే ఇంకో గీత, దానికీ ముందటి గీతకూ అవతలివాడి చుక్క ఉమ్మడి. ఇలా ఎన్ని జవాబులు పంపుకున్నా గీతల బాట ఎక్కడా తెగదు, పొడుగవుతుంది. కబురేమీ చేరని కొసన ఇద్దరూ పని మానాలి. పక్క గీతలోనూ ఒక చుక్క అదే కాబట్టి ఆ మనిషి మానతాడు, ఒప్పందం ప్రకారం రెండోవాడూ మానాలి. ఆ పక్క గీతా అంతే. బాట ఈ కొస నుంచి ఆ కొస దాకా ‘మానడం’ పాకిపోతుంది. ఎక్కడో ఒకచోట ‘చేయడం’గా మారాలంటే బాట తెగాలి, లేదా ఒక గీత రెండు కొసలూ రెండు రకాలుగా ఉండాలి. తెగడం జరగదు, రెండు రకాలు కూడదు. జవాబు మీద జవాబు పంపించమనేవాళ్లు చేసేదల్లా ఆ బాటను ఇంకాస్త సాగదీయడం.

ఇద్దరి బదులు ముగ్గురుంటే గీతలు త్రిభుజాలవుతాయి, ఇంకా ఎక్కువమంది అయితే వాటికంటే పై మెట్టు ఆకారాలు. 1985లో ఫిషర్, లించ్, ప్యాటర్సన్ ఆలస్యాలకు హద్దు లేని వ్యవస్థలో ఒక్క యంత్రం ఆగిపోయినా అందరూ ఒకే నిర్ణయానికి తప్పక వచ్చే పద్ధతి లేదని రుజువు చేశారు. ఆ తర్వాత సోమా చౌధురి, సరే, అందరూ ఒక్కటే కాకపోయినా రెండో మూడో విలువలకు తగ్గించుకుంటే కుదురుతుందా అని అడిగింది. ఆ ప్రశ్నకు 1993లో మూడు బృందాలు ఎవరికి వారుగా జవాబు తెచ్చాయి. ఆగిపోగల యంత్రాల లెక్క ఆ విలువల లెక్కకంటే తక్కువ కాకపోతే కుదరదు. జవాబు కోసం 1928 నాటి స్పెర్నర్ లెమ్మా దాకా, అంటే త్రిభుజాన్ని చిన్న త్రిభుజాలుగా కోసి మూలలకు రంగులద్దే గణితం దాకా, పోవాల్సి వచ్చింది. హెర్లిహీ, షావిట్, సాక్స్, జహరోగ్లూలకు 2004లో గోడెల్ బహుమతి ఇందుకే. 2018లో గూబో, లెదాం, రాహ్స్‌బామ్ ఇంకో అడుగు వేసి, జ్ఞాన తర్కపు ప్రపంచాలూ ఈ టోపాలజీ ఆకారాలూ ఒకే వస్తువుకు రెండు ముఖాలని చూపారు. ఒకచోట ‘వేరుచేయలేకపోవడం’ రెండోచోట ‘చుక్క పంచుకోవడం’. పై పేరాలో నేను పొన్నేరి మాస్టరు గురించి ఒకే ఊపిరిలో రెండు భాషలు మాట్లాడగలిగింది అందుకే.

‘అసాధ్యమని చెప్పడం వల్ల ఒరిగేదేంటి?’ అని అడుగుతారు. చాలా ఒరుగుతుంది. ఏది కొనాలో తెలుస్తుంది. ఒప్పందం కోసం ఇంకా నాలుగు కబుర్లు కొనడం దండగ, దాని బదులు గడియారాల మీద హద్దు కొనుక్కో, లేదా ఏ వైపు తప్పినా ప్రాణం పోని పని ఎంచుకో అని చెబుతుంది. గూగుల్ 2012లో స్పానర్ అనే డేటాబేసును లోకానికి చూపినప్పుడు, ‘అణు గడియారాలు పెట్టారు, సిద్ధాంతాల గొడవ తీరింది’ అన్నవాళ్లున్నారు. ఆ వ్యవస్థ చేసేదేమిటో చూడండి. తన గడియారం ఎంతవరకు తప్పు ఉండవచ్చో తనే లెక్కగట్టి, ఆ సందేహం తీరేదాకా కమిట్ చేయకుండా ఆగుతుంది. తనకు తెలియనిది ఎంతో దానికి తెలుసు. సిద్ధాంతం గీసిన గీత ఎక్కడుందో చూసుకుని దాని పక్కనే ఇల్లు కట్టుకున్నవాణ్ణి చూపి, గీతే లేదంటే ఎలా? మరోవైపు 2018 అక్టోబరు 21న గిట్‌హబ్ లింకు ఒకటి 43 సెకన్లు తెగింది. అంతలో అమెరికా తూర్పు తీరపు డేటా సెంటర్లో పడిన రాతలు కొన్ని పడమటి తీరానికి చేరలేదు, పడమర కొత్త రాతలు తీసుకోవడం మొదలెట్టింది. లింకు కలిశాక కూడా రెండిటినీ పొందికలోకి తేవడానికి 24 గంటల పైనే పట్టింది. సమాచారం మళ్లీ పారగానే అందరికీ అన్నీ తెలిసిపోతాయన్న నమ్మకానికి ఇంతకంటే ఖరీదైన పాఠం ఉండదు. మీ ఫోనులో యూపీఐ ‘పెండింగ్’ అని చూపినప్పుడల్లా ఈ గీతల బాటలో ఎక్కడో నిలబడి ఉంటారు. అక్కడ బ్యాంకు ఊహించదు, ఆగుతుంది, తర్వాత లెక్కలు సరిచూస్తుంది. సరైన పనే.

‘రైల్వే నూరేళ్లకు పైగా ఈ తర్కాలేవీ లేకుండా నడవలేదా?’ అన్నది బలమైన ఆక్షేపణ. గౌరవించాల్సిన ఆక్షేపణ కూడా. దానికి నా జవాబు: లేకుండా నడవలేదు. లైన్ క్లియర్ పద్ధతి చూడండి. పొన్నేరి మాస్టరు అడగాలి, కవరైపేట్టై మాస్టరు ప్రైవేటు నంబరుతో ఇవ్వాలి, ఇచ్చాడని తెలిస్తేనే బండి కదలాలి. ఇచ్చినవాడు మాత్రం అవతలివాడికి చేరిందో లేదో తెలియకపోయినా లైను ఖాళీగా ఉంచాలి. ఇక్కడ ఇద్దరూ ఒకేసారి ఒకే పని చేయాలన్న కోరికే లేదు! సేనాపతుల ఉచ్చులో కాలు పెట్టకుండా పక్కనుంచి నడిచారు. కబురు పోతే బండి ఆలస్యమవుతుంది, మనిషి చావడు. తీగ తెగితే సిగ్నల్ ఎర్రబడాలి అన్న ఫెయిల్‌సేఫ్ సూత్రమూ అదే. ఆ సూత్రం హద్దు కూడా తర్కమే చెప్పింది. 1985లో ఆల్పెర్న్, ష్నైడర్ అనేవాళ్లు ‘చెడ్డది ఎప్పుడూ జరగదు’ అన్న హామీనీ, ‘మంచిది ఎప్పటికైనా జరుగుతుంది’ అన్న హామీనీ విడదీశారు. టోపాలజీలో మొదటిది మూసిన సమితి, రెండోది సాంద్ర సమితి. మొదటిది తప్పితే ఫలానా క్షణంలో తప్పిందని వేలు పెట్టి చూపవచ్చు. రెండోది తప్పిందని ఏ క్షణంలోనూ చూపలేం, ఇంకాసేపు ఆగితే వస్తుందేమో. అన్ని సిగ్నళ్లూ ఎప్పుడూ ఎర్రగా ఉంచితే మొదటి హామీ నూరు శాతం నిలుస్తుంది, ఒక్క బండీ కదలదు. పాతకాలపు సిగ్నల్ ఇంజనీర్లు ఈ గణితం చదవలేదు, చేసి చూపారు. తీగలూ రిలేలూ లెక్కించగలిగినంత కొద్దిగా ఉన్నప్పుడు మనిషి తలలో అది పట్టింది. ఇప్పుడు ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్, దాని మీద కవచ్, దాని మీద కేంద్ర నియంత్రణ గది. తలలో పట్టదు.

కవచ్ అంటే నాకు చులకన లేదు. మన దక్షిణ మధ్య రైల్వేలో 2016 నుంచి ప్రయాణికుల బండ్ల మీద పరీక్షలు జరిగి, 2022 మార్చిలో గుల్లగూడ–చిట్‌గిద్ద మధ్య మంత్రి సమక్షంలో ప్రదర్శన అయింది. డ్రైవరు ఎర్రదీపం దాటబోతే అది బ్రేకు వేస్తుంది, అది గొప్ప సేవ. అయితే సిగ్నల్ రంగు దానికి చెప్పేది స్టేషను ఇంటర్‌లాకింగే. అదే అబద్ధం చెబితే కవచ్ ఆ అబద్ధాన్ని ఇంజను గదిలోకి మోస్తుంది. బహనగా ప్రమాదానికి కవచ్‌తో సంబంధం లేదని రైల్వే మంత్రే చెప్పారు కదా.

మణి చాందీ, జయదేవ్ మిశ్రా 1980ల నడుమ రాసిన వ్యాసం ఇక్కడ చేతికందుతుంది. దూరాన ఉన్న యంత్రం గురించి ఒక యంత్రానికి కొత్త సంగతి తెలియాలంటే, అక్కడి నుంచి ఇక్కడిదాకా కబుర్ల గొలుసు ఉండి తీరాలని వాళ్లు రుజువు చేశారు. గొలుసు లేకుండా తెలివి రాదు. అంటే ప్రతి పచ్చదీపం వెనకా ఒక గొలుసును పేర్లతో సహా చూపించమని అడిగే హక్కు మనకుంది: ఏ పాయింటు, ఏ కాంటాక్టు, ఏ తీగ, ఏ రిలే. రెండు సెన్సార్లు పెట్టి రెండిటినీ ఒకే తీగకు కలిపితే గొలుసు ఒకటే, వేరుచేయలేని ప్రపంచాల్లో ఒక్కటీ తగ్గదు. ‘సెన్సార్లు పెంచండి’ అనేవాళ్లు ఈ లెక్క ఎప్పుడైనా అడిగారా?

కవరైపేట్టైలో జరిగింది విద్రోహం కదా, బోల్టులు ఊడదీస్తే ఏ తర్కం ఆపుతుంది అంటారు. దర్యాప్తు అలాగే తేల్చినట్టు 2025లో పత్రికలు రాశాయి. ఒప్పుకుంటాను, ఏ సూత్రమూ స్పానరు పట్టుకున్న చేతిని ఆపదు. కానీ జ్ఞాన తర్కంలో మొట్టమొదటి నియమం, తెలిసినది నిజమై ఉండాలన్నది. నిజం కాకపోతే అది తెలియడం కాదు, అనుకోవడం. ఊడిన బోల్టు సరిగ్గా ఆ రెండిటి మధ్య సందులో పడింది. పానెల్ తనకు తెలుసని చెప్పేవాటిలో ఏవి కాంటాక్టు మీద ఆధారపడినవి, ఏవి పట్టా అక్కడే బిగించి ఉందన్న నమ్మకం మీద ఆధారపడినవి అని విడదీసి రాస్తే, ఆ రెండో జాబితాయే గస్తీ కాసేవాడికి ఇవ్వాల్సిన జాబితా. లేకపోతే అతను ట్రాకంతా ఒకే చూపుతో నడుస్తాడు.

ఇదంతా జరిగే పనేనా? జరిగింది. పారిస్ మెట్రో 14వ లైను 1998లో డ్రైవరు లేకుండా మొదలైంది. దాని భద్రతా సాఫ్ట్‌వేర్‌ను బీ-పద్ధతిలో గణితంగా రుజువు చేసుకుంటూ రాశారు. అమెజాన్ ఇంజనీర్లు 2015లో ఒక వ్యాసంలో, తమ డేటాబేసు డైనమోడీబీలో దొరికిన ఒక లోపం బయటపడాలంటే కనీసం 35 అడుగులు వరసగా ఒక రకంగా పడాలని రాశారు. అది పరీక్షల్లో దొరకలేదు, తర్కంగా రాసిన నమూనాను యంత్రంతో వెతికిస్తే దొరికింది.

దూరం పోనక్కర్లేదు కూడా. కవరైపేట్టై నుంచి యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ, తరమణిలో గణిత శాస్త్రాల సంస్థ ఉంది. అక్కడ పనిచేసిన ఆర్. రామానుజం, రోహిత్ పరీఖ్‌తో కలిసి 1985లోనే పంపిణీ వ్యవస్థలకూ జ్ఞాన తర్కానికీ ముడివేసిన వ్యాసం రాశారు. చాందీ చదివింది ఐఐటీ మద్రాసులో. మన ఇంజనీరింగ్ పిల్లలు చదివే క్షేమకల్యాణి–సింఘాల్ పాఠ్యపుస్తకంలో ఈ జ్ఞాన తర్కానికి ఒక పూర్తి అధ్యాయమే ఉంది. కవరైపేట్టైలోనే ఇంజనీరింగ్ కళాశాలలున్నాయి, వాటిలో సరిహద్దుకు ఇటువైపు నుంచి వెళ్లిన తెలుగు పిల్లలున్నారు. పరీక్షకు రాదని పేజీ తిప్పేయమని ఆ పిల్లలకు చెప్పే పెద్దలే, ప్రమాదం జరిగిన రాత్రి టీవీలో కూర్చుని ఇంకో సెన్సారు అడుగుతారు.

బహనగా తర్వాత రైల్వే బోర్డు రిలే గదులకూ గుమ్టీలకూ రెండేసి తాళాలు వేయమంది. మంచిదే, స్టేషను మాస్టరుకు చెప్పకుండా ఎవరూ లోపలికి పోకుండా ఆపుతుంది. తాళం తీసి లోపలికెళ్లినవాడు తీగ మార్చి బయటికొచ్చాక, తిరిగి కలిపినట్టు రాసే మెమోలో నేను ఒక్క గడి అదనంగా అడుగుతున్నాను. ఈ మార్పు తర్వాత పానెల్‌లో వెలిగే ప్రతి సూచనకూ పట్టా దాకా గొలుసు ఏది? పాయింటు ఎదురుదిక్కుకు తిప్పి చూసినప్పుడు ఆ సూచన మారిందా? ఎవరు చూశారు? ఆ గడి నిండేదాకా దీపం ఎర్రగానే ఉండాలి.